మూడోసారి అడగాల్సిన అక్క

ఉపవాసం మొదలయ్యే రోజు మధ్యాహ్నం నుంచీ నా చూపంతా వీధి తలుపు మీదే. పొద్దుగూకేలోపు మా అక్క పెర్లా రావాలి. ముగ్గురు సాక్షుల్ని వెంటబెట్టుకుని వచ్చి, నన్ను క్షమించమని మూడోసారి అడగాలి. నేను కాదనాలి. ఎలా కాదనాలో కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను. రెండు వారాలుగా కుట్టుమిషను ముందు కూర్చుని ఆ నాలుగు మాటలకే మెరుగులు దిద్దుతున్నాను.

అక్క రాలేదు.

పొయ్యి మీద కోడిచారు మరిగి మరిగి సగమైంది. మర్నాడు చుక్కలు పొడిచేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదు కాబట్టి ఆ పూట కడుపు నిండా తినాలి. నేను రెండు చెంచాలు తాగి కిటికీ దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చి ఇంకో రెండు చెంచాలు తాగాను. వీధి పొడవునా కొండవేప పూలు రాలి ఉన్నాయి, వాటిని తొక్కుకుంటూ మందిరానికి పోయేవాళ్ళే తప్ప నా గుమ్మం వైపు తిరిగినవాళ్ళు లేరు. చివరికి అమ్మ పేరున దీపం వెలిగించి, తెల్ల గౌను వేసుకుని, గుడ్డ చెప్పుల్లో కాళ్ళు దూర్చి నేనూ పరుగెత్తాను. ఊరందరి ఒట్లనీ రద్దు చేస్తూ ఆ సాయంత్రం పాడిన ప్రార్థనలో ఒక్క ముక్క కూడా నా చెవికెక్కలేదు.

మేం యూదులం; యోమ్ కిప్పూర్, అంటే క్షమాపణల రోజు సంగతి మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. దేవుడి పట్ల చేసిన తప్పులుంటే ఆ ఒక్కరోజు ఉపవాసంతో దేవుడు చూసీ చూడనట్టు పోతాడు. మనిషికి చేసిన తప్పు జోలికి మాత్రం ఆయన రాడు. అది ఆ మనిషే క్షమించాలి. వెళ్ళి అడగాలి, కాదంటే మళ్ళీ వెళ్ళి అడగాలి. మూడుసార్లు అడిగాక కూడా కాదంటే అడిగినవాళ్ళు చేయగలిగింది చేసినట్టే, ఇంక వాళ్ళ మీద ఏ బరువూ ఉండదు.

మా అక్కకి పద్ధతులంటే ప్రాణం. ఏ పని ఎలా చెయ్యాలని రాసుంటే అలాగే చేస్తుంది, ఒక వీసం అటూ ఇటూ కానివ్వదు. ఈ ఉపవాసానికి పది రోజుల ముందు మా కొత్త సంవత్సరం పండగ, దానికి వారం ముందే మొదటిసారి వచ్చింది. వెంట వాళ్ళాయన ఎఫ్రాయిన్ బావ, పక్కింటి అదేలా పిన్ని, శ్మశానం పనులు చూసే పెద్దాయన నఫ్తాలి. అమ్మ విషయంలో నీకు అన్యాయం చేశాను సులే, క్షమించు అంది. కుదరదన్నాను. ఇంకా ఏదో చెప్పబోతుంటే మిషను తొక్కడం మొదలుపెట్టాను, ఆ చప్పుడులో ఆవిడ మాట కలిసిపోయింది.

పండగ వెళ్ళిన నాలుగో రోజున రెండోసారి వచ్చారు. ఈసారి నేను మిషను తొక్కలేదు, తిట్టాను. పద్నాలుగు నెలలుగా లోపల దాచుకున్నదంతా ఆ ముగ్గురి ముందూ కక్కేశాను. అక్క తలొంచుకుని విన్నది. అన్నీ అయ్యాక నఫ్తాలి గడ్డం సవరించుకున్నాడు.

"ఇంకొక్కసారి కాదన్నావంటే మీ అక్క బరువు దిగిపోతుంది. అది నీ నెత్తికెక్కుతుంది. ఆలోచించుకో తల్లీ," అన్నాడు.

"ఎక్కనీ బాబాయ్. కుట్టుమిషను మోసిన నెత్తే ఇది," అన్నాను.

అదేలా పిన్ని నోటికి తలగుడ్డ అంచు అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. అక్క మాత్రం తలెత్తి నా వైపు ఒక చూపు చూసింది. కోపం కాదది. తర్వాత అందరికంటే ముందు తనే గుమ్మం దిగి వెళ్ళిపోయింది.

ఇంతకీ అన్యాయం ఏమిటో చెప్పాలి. నిరుడు జూలైలో, మాకది నడి చలికాలం, ఒక గురువారం రాత్రి అమ్మ పోయింది. నేను రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో పెళ్ళిగౌన్లు కుట్టే దుకాణంలో పని చేస్తున్నాను. కబురు తెలియగానే శుక్రవారం తొలి బస్సు ఎక్కాను. పరానా నది దాటాలంటే బస్సుతో సహా బల్లకట్టు ఎక్కాలి. ఆ రోజు నది మీద పొగమంచు. ఎదుటి మనిషి కనపడటంలేదని మూడు గంటలపాటు బల్లకట్టు కదల్లేదు. ఒడ్డున అందరూ మాతే ఆకుల కషాయం తాగుతూ కబుర్లు చెప్పుకుంటున్నారు, నేను నీటి అంచు దాకా నడిచి వెనక్కి వస్తున్నాను, మళ్ళీ నడుస్తున్నాను. ఊళ్ళో దిగేసరికి అయిదుంబావు. నాలుగింటికే అమ్మని పూడ్చేశారు.

శుక్రవారం పొద్దుగూకితే సబ్బాతు, ఏ పనీ చెయ్యకూడని విశ్రాంతి రోజు. ఆ పైన పూడ్చకూడదు, ఆదివారం దాకా ఆగాలి. పోయినవాళ్ళని అన్ని రోజులు మట్టికి దూరంగా ఉంచడం మాలో తప్పు. అది నాకు తెలుసు. కానీ సూర్యుడు అస్తమించేది ఆరు కావస్తుండగా. ఒక గంట, గంటంబావు ఆగి ఉంటే నేను అమ్మ ముఖం చూసేదాన్ని, ఒక గుప్పెడు మట్టి వేసేదాన్ని. ఆగమని అక్క ఒక్క మాట అంటే నఫ్తాలి ఆగేవాడు. అక్క అనలేదు. అందరూ దీపాల వేళకి ఇళ్ళు చేరాలి, కానివ్వండి అందట.

సంతాపం పాటించే ముప్ఫై రోజులూ గడిచాక నేను తిరిగి వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు. దుకాణానికి రానని చెప్పేసి, అక్కవాళ్ళింటికి రెండు వీధుల అవతల ఒక గది తీసుకుని మిషను పెట్టుకున్నాను. అక్కతో మాట్లాడకుండా ఉండటానికే ఈ ఊళ్ళో ఉండిపోయాను. రాజధానిలో ఉండి మాట్లాడకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఉపవాసం రోజు పొద్దున్నే మందిరం మేడ మీద ఆడవాళ్ళ బెంచీలన్నీ నిండాయి. అక్క అమ్మ కూర్చునే చోట కూర్చుంది. నేను ఆ బెంచీకే రెండో చివర, అదేలా పిన్ని పక్కన ఇరుక్కున్నాను. పొద్దున మాతే పడక అందరికీ తలలు పగిలిపోతున్నాయి. పిన్ని లవంగాలు గుచ్చిన నిమ్మకాయ ఒకటి వాసన చూసి నాకందిస్తోంది, నేను వాసన చూసి వెనక్కి ఇస్తున్నాను.

తప్పుల వరస వచ్చింది. ఒక్కొక్క తప్పు పేరు చెప్పి గుండె మీద పిడికిలితో కొట్టుకోవాలి. మనసు రాయి చేసుకున్నందుకు. నోటి దురుసుకు. అబద్ధాలాడినందుకు. తెలిసి చేసినందుకు, తెలియక చేసినందుకు. నా పిడికిలి నా గుండె మీద పడుతోంది గానీ కళ్ళు అక్క పిడికిలి మీదున్నాయి. ఎక్కడ గట్టిగా కొట్టుకుంటుందా అని చూస్తున్నాను.

"నీవి నువ్వు కొట్టుకోవే. మీ అక్కవి మీ అక్క కొట్టుకుంటుంది," అని పిన్ని గొణిగింది.

ఇక ఈ రోజు కూడా అడగొచ్చు కదా అని నా ఆశ. ఆశ అనే అంటున్నాను, సిగ్గు లేకుండా. కాదనాలని ఎంత ఆత్రమో, అడగాలని అంతకంటే ఆత్రంగా ఉంది. మెట్ల మీద అడుగు చప్పుడైనప్పుడల్లా, పక్కవాళ్ళు కాస్త కదిలినప్పుడల్లా అక్క లేస్తోందేమోనని చూశాను. లేవలేదు.

తర్వాత పోయినవాళ్ళ కోసం ప్రార్థన. అమ్మానాన్నా బతికున్నవాళ్ళంతా బయటికి వెళ్ళిపోయారు. మనిషి పోయిన మొదటి ఏడాది మా ఊళ్ళో ఈ ప్రార్థనకి నిలబడరు, అందుకని అక్కకీ నాకూ అమ్మ కోసం నిలబడటం ఇదే మొదలు. పిన్ని కూడా వెళ్ళింది, వాళ్ళ అమ్మానాన్నలిద్దరూ తొంభై దాటి ఇంకా ఉన్నారు. మా బెంచీలో మేమిద్దరమే మిగిలాం, ఆ చివర తను, ఈ చివర నేను. అందరూ ఎవరి పేరు వాళ్ళు లోగొంతుకలో చెప్పుకుంటున్నారు. నేను అమ్మ పేరు అనబోతుంటే ఆ చివరి నుంచి అదే పేరు వినపడింది, గితల్ అని. నాకంటే ముందే అనేసింది.

మండిపోవాలి నాకు. మండలేదు. ఆ పేరు వినగానే మంగళవారం గుర్తొచ్చింది.

మంగళవారం గురించి ఇప్పటిదాకా చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. అమ్మ పోవడానికి రెండు రోజుల ముందు, మంగళవారం మధ్యాహ్నం, అక్క మందుల దుకాణం నుంచి ఫోన్ చేసింది. అమ్మకి బాగాలేదు, నీ పేరే తలుస్తోంది, రా అంది. నా ముందు బల్ల మీద సగం కుట్టిన పెళ్ళిగౌను ఉంది. ఆదివారం పెళ్ళి. కుచ్చులు నా చేత్తో తప్ప ఇంకెవరి చేత్తో కుట్టించనని పెళ్ళికూతురు పట్టుబట్టింది. ఆ మాటకి నాకు ఎంత గర్వంగా ఉందో! అమ్మకి ప్రతి చలికాలం ఇంతేగా అక్కా, ఆదివారం బయల్దేరతాను అన్నాను. అక్క సరే అంది.

ఒక గంట ఆగలేదని అక్కని పద్నాలుగు నెలలు ఉరి తీస్తున్నాను. నేను రెండు రోజులు ఆగాను.

ప్రార్థన అయిపోయింది, తలుపులు తెరిచారు, జనం లోపలికి తోసుకొచ్చారు. నేను కళ్ళు తుడుచుకుని చూసేసరికి అక్క చోటు ఖాళీగా ఉంది. కాసేపట్లో వస్తుందనుకున్నాను. రాలేదు.  ఒకవేళ నా ఇంటికి వెళ్ళిందేమో, ఎవరూ చూడకుండా అక్కడ అడుగుదామనుకుందేమో అని తోచింది. మధ్యాహ్నం విరామం ఇవ్వగానే ఇంటికి పరుగెత్తాను. గుమ్మంలో ఎవరూ లేరు. లోపల దీపం ఒక్కటే వెలుగుతోంది. అయిదు నిమిషాలు నిలబడి, మళ్ళీ మందిరానికి వచ్చాను. వాకిట్లో గోడకి ఆనుకుని ఎఫ్రాయిన్ బావ కూర్చుని ఉన్నాడు, పెదాలు ఎండిపోయి తెల్లగా ఉన్నాయి.

అక్క ఏదని అడిగాను. తలనొప్పని ఇంటికి వెళ్ళిందన్నాడు. మూడోసారి ఎప్పుడొస్తుందట అని నా నోరు నన్నడక్కుండానే అడిగేసింది.

"రానంది," అన్నాడు బావ. "ఎందుకంటే చెప్పదు. మీ ఇద్దరి మధ్యా పడి నేను నలిగిపోతున్నాను సులే. ఈ ఒక్కరోజైనా నన్నొదిలెయ్యండి."

రానందట. పద్ధతి తప్పితే ప్రాణం పోయే మనిషి, మూడులో రెండు చేసి మూడోది ఎగ్గొడుతుందట. నేను మళ్ళీ మేడెక్కి కూర్చున్నాను. చేప కడుపులో మూడు రోజులున్న ప్రవక్త కథ చదువుతున్నారు. దేవుడు చెప్పిన పని చెయ్యకుండా పారిపోయినవాడి కథ. పోయినసారి దాకా ఆ కథ నాకు వేడుకగా ఉండేది. ఇప్పుడు ఒక్కచోట కూర్చోలేకపోతున్నాను. చెప్పుల్లో వేళ్ళు ముడుస్తున్నాను, తెరుస్తున్నాను, కిటికీలోంచి ఎండ ఎంత వాలిందో చూస్తున్నాను. ఎండ గోడ దిగి నేల మీదికి వచ్చేసింది. లేచాను.

ఎక్కడికే అంది పిన్ని. తల తిరుగుతోందన్నాను. తిరిగితే కూర్చోవాలి గానీ లేస్తావేంటంది. అప్పటికి నేను మెట్లు దిగేశాను.

దారంతా అక్కని తిట్టుకుంటూనే నడిచాను. నాలుక పిడచ కట్టుకుపోయింది. వీధిలో ఒక్క బండి లేదు, ఒక్క పొయ్యి పొగ లేదు, నా గుడ్డ చెప్పుల చప్పుడు కూడా నాకు వినపడటంలేదు. ఎందుకు వెళుతున్నానంటే చెప్పలేను. కాదనడానికి వెళుతున్నానా, అడగమని అడగడానికి వెళుతున్నానా? మనిషి ఒకటి కావాలని వెళితే అది తెలిసి వెళ్ళాలి. నాకు తెలియలేదు.

అక్క వంటింట్లో బల్ల ముందు కూర్చుని ఉంది, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని. ప్రార్థన పుస్తకం మూసి ఉంది. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూలబడింది.

"మూడోసారి ఎందుకు ఎగ్గొట్టావు?" అన్నాను గుమ్మంలోంచే.

"కూర్చో ముందు. ముఖం పాలిపోయింది నీకు."

"నా ముఖం సంగతి తర్వాత. ఎందుకు రాలేదు?"

"వస్తే ఏమంటావు?"

"కాదంటాను."

"అందుకే రాలేదు."

నాకు అర్థం కాలేదు. కాదంటే నీకే మంచిది కదా, నువ్వు బయటపడిపోతావు కదా అన్నాను. అక్క బల్ల మీది పుస్తకాన్ని కాస్త అటు జరిపింది, మళ్ళీ ఇటు జరిపింది.

"నేను బయటపడతాను. నువ్వు ఇరుక్కుంటావు. బాబాయ్ చెప్పాడుగా, నీ నెత్తికెక్కుతుందని. నువ్వేమో వెటకారమాడావు. నాకు ఆ రాత్రంతా నిద్రపట్టలేదే. నీ సంగతి నాకు తెలుసు, అడిగితే కాదంటావు. నాది నా దగ్గరే ఉండనీ. నాకు అలవాటైపోయింది."

రెండు వారాలు మెరుగు దిద్దిన మాటల్లో ఒక్కటి కూడా అప్పుడు గుర్తు లేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాను. 

"మంగళవారం సంగతి ఎవరికైనా చెప్పావా?" అన్నాను.

"ఏ మంగళవారం?" అంది. తర్వాత కళ్ళు దించుకుంది.

"అందరి ముందూ నిన్ను నానా మాటలన్నాను. పిలిస్తే ఎందుకు రాలేదే అని అప్పుడైనా అనొచ్చుగా. ఒక్క మాట అంటే నా నోరు మూతపడేది."

"మూతపడితే నాకేం వస్తుంది. ఊళ్ళో నీకు ఉన్నది ఆ నోరొక్కటే."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియదు. వెళ్ళి అక్క ఎదుట నేల మీద కూర్చుండిపోయాను. నువ్వు నన్ను క్షమించక్కా అన్నాను. మంగళవారం రానందుకు, పద్నాలుగు నెలలు ఆ పాపమంతా నీ మీద రుద్దినందుకు. సాక్షులు లేరు, పద్ధతి లేదు, అలాగే అడిగేశాను.

"దానికెప్పుడో వదిలేశాను నిన్ను," అంది అక్క.  "నేను అడగాల్సింది ఇంకోటుంది. అది నిన్ను కాదు, దేవుణ్ణి అడగాలి. పొద్దుట్నుంచీ అడగలేకపోతున్నాను. మంగళవారం సాయంత్రం అమ్మ అడిగింది, సులే వస్తోందా అని. బయల్దేరిందమ్మా అన్నాను. బుధవారం అడిగింది. దార్లో ఉందన్నాను. గురువారం మాట సరిగ్గా రావట్లేదు, అయినా అదే అడిగింది. పనంతా వదిలేసి పరుగెత్తుకొస్తోందమ్మా అన్నాను. పిచ్చిపిల్ల, అంత పని వదిలేసి ఎందుకొస్తోంది అంది. అదే ఆఖరి మాట. ముఖం ఎంత వెలిగిపోయిందనుకున్నావు. ఇవాళ అబద్ధాల దగ్గరికి వచ్చేసరికి అందరితో పాటు గుండె మీద కొట్టుకున్నాను. పశ్చాత్తాపం రావట్లేదే. ఏం చెయ్యను? పశ్చాత్తాపం లేకుండా ఆ పుస్తకం పట్టుకుని అక్కడ నిలబడలేక ఇంటికొచ్చేశాను."

నేను అక్క ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. చిన్నపిల్లలా, చీమిడి కార్చుకుంటూ, పక్కవాళ్ళు వింటారని కూడా లేకుండా ఏడ్చాను. అమ్మ నా కోసం చూసి చూసి, నేను రాలేదని తెలిసి పోయిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ సంగతి నాకు నేను కూడా చెప్పుకోలేదు. అక్క నా జుట్టు సవరిస్తోంది, మళ్ళీ సవరిస్తోంది, సవరించిందే సవరిస్తోంది.

వంటింటి కిటికీ ఎర్రబడింది. మందిరంలో ఆ రోజుకి ఆఖరిది, తలుపులు మూసే ప్రార్థన మొదలవబోతూ ఉండాలి. ఊహ తెలిసినప్పటి నుంచీ అక్క ఆ ప్రార్థనకి ఒక్కసారి కూడా ఆలస్యంగా వెళ్ళలేదు. నేను ముఖం తుడుచుకున్నాను.

"అడుగక్కా. మూడోసారి."

"కాదంటావేమో."

"అనను. ఒట్టు."

"ఒట్లెయ్యకు. నిన్న సాయంత్రమే ఊరందరి ఒట్లూ కలిపి రద్దు చేశారు," అంది. అని లేచి నిలబడింది. నన్నూ లేవమంది. తలగుడ్డ సరిచేసుకుని, ముగ్గురు సాక్షులూ అక్కడ ఉన్నట్టే ఒకసారి చుట్టూ చూసి, అమ్మని పూడ్చేటప్పుడు నీ కోసం ఆగనందుకు నన్ను క్షమించు సులే అని అడిగింది.

నేను తలూపాను.

"తలూపితే చెల్లదు. నోటితో అనాలి. మూడుసార్లు."

క్షమించాను అన్నాను. క్షమించాను అని రెండోసారి అన్నాను. మూడోసారి అనబోయాను. ఎండిన నోరు తెరుచుకోవడమే తప్ప మాట బయటికి రావడంలేదు. కిటికీలో ఎరుపు తగ్గిపోతోంది. అక్కా, నువ్వు వెళ్ళు, ప్రార్థన అయిపోతుందని చేత్తో సైగ చేశాను.

అక్క కిటికీ వైపు ఒకసారి చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"తొందరేం లేదు," అంది. "నేను ఆగుతాను."